స్లోలీ అంటే ఎన్ని నిమిషాలు

నాకు స్లోలీ అనే ఇంగ్లీషు మాటంటే ఒళ్ళుమంట. దాని చుట్టాలు జెంట్లీ, ప్రాపర్లీ, ఇమ్మీడియట్లీ అన్నా అంతే. చూడ్డానికి మర్యాదస్తుల్లా ఉంటాయి గానీ ఒక్కటీ పనిచేసే రకం కాదు. 'గిన్నె ప్రాపర్లీ కడగాలి' అని రాసి చేతులు దులుపుకుంటారు. ప్రాపర్లీ అంటే ఎన్నిసార్లు కడగాలయ్యా, దేనితో కడగాలి అని అడిగితే ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. అలాంటి మాట కనిపిస్తే చాలు, నా ఎర్రపెన్ను దానంతటదే లేస్తుంది.

నా పేరు హైమావతి. నాచారంలో ఒక చిన్న మందుల ఫ్యాక్టరీలో కాగితాల విభాగం చూస్తాను. ఏ పని ఎలా చెయ్యాలో రాసి పెట్టే కాగితాన్ని మా దగ్గర ఎస్‌వోపీ అంటారు. వాటిని రాయడం, దిద్దడం, పనివాళ్ళకు చదివి వినిపించి సంతకాలు తీసుకోవడం నా ఉద్యోగం. పద్దెనిమిదేళ్ళుగా ఇదే పని. మా నాన్న రైల్వేలో గార్డు. రైలు ఆలస్యంగా వచ్చిందని ఆయన ఏనాడూ రాయలేదు, పదకొండు నిమిషాలు ఆలస్యం అని రాసేవాడు. ఆ రక్తమే నాలోనూ పారుతోంది. మా ఆయన దీన్ని చాదస్తం అంటాడు, అననీ.

మొన్న కార్తీకంలో మా సరుకు కొనే కంపెనీ తరఫున ఒకాయన తనిఖీకి వచ్చాడు. కీళ్ళనొప్పుల మందులోకి వెళ్ళే పొడి తయారయ్యే చోటికి వచ్చి, గోడకు తగిలించిన ఎస్‌వోపీలో ఒక వాక్యం మీద వేలు పెట్టాడు. 'నీళ్ళు స్లోలీ కలపాలి' అని ఉందక్కడ. ఎంత స్లోలీ అని అడిగాడు. నాకంటే ముందున్నవాళ్ళు రాసిన వాక్యం అది, ఎలాగో నా ఎర్రపెన్నును తప్పించుకుని ఇన్నేళ్ళు గోడమీద బతికేసింది. అందరం నేల చూపులు చూశాం. ఆయన తన పుస్తకంలో ఏదో రాసుకున్నాడు. నాకైతే తల కొట్టేసినట్టయింది.

ఆ సాయంత్రమే మా ప్లాంట్ మేనేజర్ జనార్ధనరావు గారు పిలిచారు. "అమ్మా హైమావతీ, వారంలో ఆ స్లోలీ తీసేసి అక్కడ ఒక అంకె పెట్టాలి" అన్నారు. అంతకంటే కావాల్సిందేముంది నాకు!

ఆ పని చేసే మనిషి చెన్నయ్య. ఇరవై నాలుగేళ్ళుగా ఆ పెద్ద స్టీలు డ్రమ్ము దగ్గరే ఉన్నాడు. నాచారం పాత ఊరివాడే. ఫ్యాక్టరీలు రాకముందు వాళ్ళకు ఇక్కడే జొన్నచేలు ఉండేవట. డ్రమ్ములో మందు ఒక ద్రవంలో కరిగి ఉంటుంది. పైనుంచి చల్లటి నీళ్ళు సన్నగా వదిలితే మందు గింజ కట్టి, పంచదార పలుకుల్లా అడుక్కి చేరుతుంది. తొందరపడితే గింజ కట్టదు, ముద్ద కడుతుంది. ఆ నీళ్ళు వదిలేది చెన్నయ్య చెయ్యి.

ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టుకుని ఆరు బ్యాచ్‌లు ఆయన పక్కన నిలబడ్డాను. మొదటిసారి నలభై ఎనిమిది నిమిషాలు పట్టింది. తర్వాత డెబ్భై ఒకటి. ఆ తర్వాత యాభై అయిదు. ఇంకోసారి ఎనభై! నాకు చిర్రెత్తుకొచ్చింది.

"ఏమిటి చెన్నయ్యా, ఒకరోజు ఉన్నట్టు ఇంకోరోజు ఉండదా?" అన్నాను.

"ఉండదు మేడం, ఒక్కో దినం ఒక్కో తీరుంటది" అని డ్రమ్ము మూతకున్న అద్దంలోంచి తొంగి చూశాడు.

ఇదేం జవాబు? ఆరు కొలతలూ కూడి ఆరుతో భాగించాను. సరిగ్గా అరవై వచ్చింది, పైసా అటూ ఇటూ కాకుండా. ఎంత సంబరమో నాకు. 'అరవై నిమిషాలలో కలపాలి' అని రాసి, స్లోలీని కొట్టేసి, కొత్త కాగితం గోడకు తగిలించాను. పనివాళ్ళను కూర్చోబెట్టి చదివి వినిపించాను కూడా. చెన్నయ్య చెయ్యెత్తి, "మేడం, ఒక్కోపారి..." అని ఏదో అనబోయాడు.

"ఒక్కోసారీ లేదు, రెండోసారీ లేదు" అన్నాను. "ఇకనుంచి డ్రమ్ములోకి తొంగి చూడొద్దు. గడియారం చూడండి. కాగితం మీద ఉన్నదే చెయ్యండి. సొంత తెలివి ఇంటి దగ్గర పెట్టి రండి."

పదిమంది ముందు అన్నాను ఆ మాట. ఆయన చెయ్యి దించి సంతకం పెట్టాడు.

నాలుగు బ్యాచ్‌లు బాగానే వచ్చాయి. అయిదోది, బాగా చలిగా ఉన్న ఒక గురువారం పొద్దున, ముద్ద కట్టింది. మామూలు ముద్ద కాదు, లోపల తిరిగే తెడ్డు బిగుసుకుపోయి మోటారు ఆగిపోయింది. రెండు రోజులు తవ్వి తీశారు. సరుకంతా పారబోయాల్సి వచ్చింది.

ఇలాంటిది జరిగితే మా దగ్గర ఒక ఫారం నింపాలి. అందులో 'కారణం' అని ఒక గడి ఉంటుంది. మందుల కంపెనీల్లో ఆ గడిలో ఏం రాస్తారో చిన్నపిల్లలక్కూడా తెలుసు. పనిచేసేవాడి పొరపాటు. అది రాస్తే ఎవరికీ నష్టం లేదు, ఆ పనిచేసేవాడికి తప్ప.

జనార్ధనరావు గారు ఆ మాటే అన్నారు. "చెన్నయ్య పొరపాటని రాయండి. కొనేవాళ్ళకు మనం ఏదో చర్య తీసుకున్నామని చూపించాలి కదా. అతన్ని దూరంగా నారపల్లి అవతల గోదాముకి మార్చేద్దాం. సోమవారానికి ఫారం మీద అతని సంతకం ఉండాలి."

నేను అవునూ అనలేదు, కాదూ అనలేదు. ఊరుకున్నంత ఉత్తమం లేదని ఊరుకున్నాను. నిజం చెప్పాలంటే అప్పటికి నాకు అది చెన్నయ్య పొరపాటేననిపించింది. నాలుగుసార్లు బాగా వచ్చిన అంకె అయిదోసారి ఎందుకు చెడుతుంది? పట్టిన కుందేటికి మూడే కాళ్ళు నాకు.

శుక్ర, శనివారాలు చెన్నయ్య సెలవు పెట్టాడు. సంతకం కోసం శనివారం మధ్యాహ్నం నేనే స్కూటీ వేసుకుని వాళ్ళింటికి వెళ్ళాను. ఫ్యాక్టరీ గేటు నుంచి నడిస్తే పది నిమిషాల దారి. రెండు గదుల రేకుల ఇల్లు, ముందు కాస్త అరుగు. అరుగు మీద ఎండలో ఒకావిడ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది. మూతి కొద్దిగా ఒక పక్కకు లాగినట్టుంది. ఎడమచెయ్యి ఒళ్ళో పడి ఉంది. చెన్నయ్య ఆమె ఎదురుగా పీట మీద కూర్చుని గిన్నెలో పప్పన్నం మెత్తగా మెదుపుతున్నాడు.

"రాన్రి మేడం, రాన్రి. కూసోన్రి. గీమె మా కిష్టమ్మ" అన్నాడు లేవబోతూ. "ఆర్నెల్లాయె, పక్షవాతమొచ్చి గిట్లయింది."

ఆర్నెల్లు! రోజూ చూసే మనిషి. నాకు తెలియనే తెలియదు. పన్నెండున్నరయితే చాలు, గేటు దాటి ఎందుకు పరుగెత్తుతాడో ఎప్పుడైనా అడిగానా? భోజనానికి వెళ్ళి ఆలస్యంగా వస్తున్నాడని రెండుసార్లు రిజిస్టర్లో రాశాను కూడా.

"మీరు తినిపించకపోతే ఇంకెవరూ లేరా?" అన్నాను.

"బిడ్డ ఉన్నది, శిరీష. ఉప్పల్ల బట్టల దుకాన్ల జేస్తది. పొద్దుగాల పోతె పొద్దుమీకి వస్తది. పక్కింటి సుశీలమ్మ మంచిదే, ఒకపారి తినిపిచ్చింది. పొలమారి దవాఖానకు ఉరికినం. అప్పటి సంది నేనే." ఆయన గిన్నె వైపు చూశాడు. "ఏదో సంతకమన్నరు ఫోన్ల?"

ఆయన పొరపాటని నింపిన ఫారం తీశాను. కళ్ళజోడు లోపలుందని లేచి, "జర గీ చెంచ పట్టుకోన్రి మేడం, ఒక్క నిమిషం" అని గిన్నె నా చేతిలో పెట్టి లోపలికి వెళ్ళాడు.

నేను పిల్లల్ని పెంచినదాన్నే. తినిపించడం రాదా? ఒక చెంచా పెట్టాను. కిష్టమ్మ నోట్లోకి తీసుకుంది. ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టి ఇంకో చెంచా పెట్టాను. మళ్ళీ లెక్కపెట్టి మూడోది. అంతే. ఆమె కళ్ళు పెద్దవయ్యాయి, మొహం ఎర్రబడింది, దగ్గుతో మనిషంతా ఊగిపోయింది. చెన్నయ్య ఒక్క ఉరుకున వచ్చి ఆమెను ముందుకు వంచి వీపు మీద చరిచాడు. మెతుకులన్నీ నేల మీద పడ్డాయి. ఆమె ఊపిరి తీసుకునేదాకా నాకు ఊపిరాడలేదు.

"అయ్యో, నావల్లే... నేనే..."

"ఏం గాదు, ఏం గాదు, ఫికర్ జేయకున్రి. నేను గూడ మొదట్ల గిట్లనే జేసిన." ఆమె మూతి తుడిచి, నీళ్ళతో చెయ్యి కడిగి, మళ్ళీ పీట మీద కూర్చున్నాడు. "గీడ కూసోన్రి. గామె గొంతు సూడున్రి. చెంచను సూడకున్రి."

ఒక చెంచా పెట్టాడు. ఆమె నమిలింది. గొంతు కదల్లేదు. ఆయన చెంచా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. బయట ఎవరో పాత సామాన్లు కొంటామని మైకులో అరుచుకుంటూ పోయాడు. గొంతు ఒకసారి పైకి లేచి కిందికి దిగింది. అయినా ఆగాడు. ఇంకోసారి దిగింది. అప్పుడు రెండో చెంచా ఎత్తాడు.

"నిమ్మళంగ అంటె గిదే మేడం. ఇచ్చెటోళ్ళం మనమే గని, తీసుకునేది గామె గద. ఇచ్చింది మింగినంక ఇంకోటి. మింగలేదా, కూసోవాలె."

"ఎంతసేపు పడుతుంది మొత్తం?" అన్నాను. నా నోరు ఊరుకోదు కదా.

"ఎట్ల జెప్పాలె? నిన్న గంటన్నర వట్టింది. మొన్న మామిడికాయ తొక్కు వాసన సూపిచ్చిన, ఇరువై నిమిషాలల్ల గిన్నె ఖాళీ." కిష్టమ్మ గొంతులోంచి ఒక శబ్దం వచ్చింది. నవ్వు అది. ఆయనా నవ్వాడు. "దవాఖానల కాయితమిచ్చిన్రు, సూస్తరా?"

గూట్లోంచి తీసి ఇచ్చాడు. మందుల పేర్ల కింద ఇంగ్లీషులో రెండే రెండు మాటలున్నాయి. ఫీడ్ స్లోలీ. నిమిషాల్లేవు, అంకెల్లేవు. నా దగ్గరకు వచ్చి ఉంటే ఎర్రపెన్నుతో చుట్టేసి, ఎంత స్లోలీ అని పక్కన రాసేదాన్ని. రాస్తే ఆ కాగితం రాసిన డాక్టరమ్మ ఏం జవాబు చెప్పేది? ఏ అంకె వేసినా కిష్టమ్మకు పొలమారేది. కాగితం మడిచి ఒళ్ళో పెట్టుకున్నాను.

"చెన్నయ్యా, ఆ డ్రమ్ములో కూడా ఇంతేనా?"

"ఇంతే గద మేడం." చెంచా వదలకుండా చెప్పాడు. "నీళ్ళు పోస్తె లోపట జర తెల్లగ మబ్బు వడ్తది. ఆ మబ్బు ఇడిసి, తెడ్డు కనవడేదాంక ఆగాలె. అప్పుడు మల్ల జరంత పోయాలె. చలి దినాలల్ల మబ్బు జల్ది ఇడువది."

"గురువారం మబ్బు విడవలేదా?"

"లేదు."

"చూశారా మీరు?"

"సూడొద్దని మీరన్నరు గని, కండ్లు ఊకుంటయా? సూసిన. మబ్బు అట్లనే ఉన్నది. ఆపుదామంటె గడియారం ఉరుకుతున్నది. అరవై నిమిషాలని రాసిన్రాయె. సదువుకున్నోళ్ళు ఊకెనె రాస్తరా అనుకున్న." ఆయన ఫారం తీసుకుని, చదవకుండానే, నేను చూపించిన చోట సంతకం పెట్టాడు. "తప్పు నాదే మేడం. కండ్లతోని సూసి గూడ ఆపలే. సూసినోనిదే గద తప్పు."

ఆ సంతకం పెడితే ఆయన్ను ఎక్కడికి పంపుతారో తెలుసా అని అడిగాను. తెలుసట, గోదాము సంగతి ఎవరో చెప్పారట.

"మరి మధ్యాహ్నం ఈమెకి?"

"గదే సోంచాయిస్తున్న రెండొద్దుల సంది" అన్నాడు. గొంతు తగ్గించాడు గానీ ఆమె పక్కనే ఉంది, వినిపించకేం. "పొద్దుగాల ఒకపారి, రాత్రి ఒకపారి పెడ్త. నడుమ ఓర్సుకుంటది. పని వోతె కుదురుతదా మేడం?"

కిష్టమ్మ కుడిచేత్తో ఆయన మోకాలి మీద తట్టింది. ఓర్చుకుంటాననే అర్థం. నేనింక అక్కడ కూర్చోలేకపోయాను.

ఆదివారమంతా ఉప్పల్లో మా ఇంట్లో డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చున్నాను. నా ఎర్రపెన్ను నా మీదే పనిచేసింది. నేను కొట్టేసిన స్లోలీని మళ్ళీ వాక్యంలో కూర్చోబెట్టాను. పద్దెనిమిదేళ్ళలో ఒక మాటను తిరిగి రానివ్వడం అదే మొదటిసారి. దాని కింద అర్థం రాశాను: 'ముందు పోసిన నీళ్ళకు పట్టిన మబ్బు విడిపోయి, లోపలి తెడ్డు స్పష్టంగా కనబడేదాకా తర్వాతి నీళ్ళు పోయరాదు. ఎంత సమయం పడితే అంత సమయం తీసుకోవాలి.' తర్వాత ఆ పాత ఫారం పక్కన పెట్టి కొత్తది నింపాను. కారణం అన్న గడిలో, 'ఎస్‌వోపీ తప్పు. రాసినవారు: హైమావతి' అని రాశాను. నా పేరు అంత నీట్‌గా ఎప్పుడూ రాసుకోలేదు. భయం వేయలేదా అంటే, చచ్చేంత వేసింది. ఇద్దరు పిల్లల చదువులున్నాయి మాకు.

సోమవారం పదకొండున్నరకు జనార్ధనరావు గారి గదిలో మీటింగు. చెన్నయ్యను కూడా పిలిపించారు. ఆయన తలుపు దగ్గర నిలబడ్డాడు. సారు నా ఫారం చదివి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"ఏమిటిది హైమావతి గారూ? మీ పేరెందుకుంది ఇక్కడ?"

"అది నా తప్పు సార్. సగటు తీసి అంకె వేశాను. డ్రమ్ములోకి చూడొద్దని, గడియారమే చూడమని పదిమంది ముందు ఈయనకు చెప్పాను."

"నిజమా చెన్నయ్యా? అలా అన్నారా మేడం?"

చెన్నయ్య నన్ను చూశాడు, సారును చూశాడు. "లేదు సార్. మేడం గట్లేం అనలె" అన్నాడు.

"చెన్నయ్యా!" అన్నాను.

"అనలె సార్. నేనే పరాకున ఉన్న. ఇంట్ల ఫికరుండె, సోయి లేదు. మేడం రాసింది మంచిగనే ఉండె."

"అబద్ధం సార్! ఆయన చెయ్యెత్తితే నోరు మూయించింది నేను. పదిమంది సాక్షులున్నారు, పిలిచి అడగండి."

"ఆ పదిమంది గూడ ఇనలె సార్" అన్నాడు చెన్నయ్య. అబద్ధమాడటం బొత్తిగా రాదు మహానుభావుడికి.

జనార్ధనరావు గారు ఇద్దర్నీ మార్చి మార్చి చూశారు. "నా సర్వీసులో తప్పు నాది కాదని కొట్టుకున్నవాళ్ళను చూశాను గానీ, నాదంటే నాదని కొట్టుకునేవాళ్ళను ఇదే చూడటం" అన్నారు. తర్వాత కొత్త ఎస్‌వోపీ తీసి చదివారు. రెండోసారి చదివారు. "ఈ మబ్బు సంగతి నిజమేనా?"

"నిజమె సార్. ఇరువై నాలుగేండ్ల సంది గట్లనే జేస్తున్న."

"మరి ఇరవై నాలుగేళ్ళలో ఒక్కసారీ చెప్పలేదేమయ్యా?"

"ఎవ్వలు అడగలె సార్" అన్నాడు చెన్నయ్య.

నేను పక్కనే నిలబడి ఆరుసార్లు స్టాప్‌వాచ్ నొక్కినదాన్ని. ఎన్ని నిమిషాలని అడిగానే గానీ, ఏం చూస్తున్నావని ఒక్కసారీ అడగలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

చివరికి సారు చెన్నయ్య సంతకమున్న పాత ఫారం నా దగ్గర తీసుకుని చింపేశారు. గోదాము మాట రద్దయింది. నాకు మాత్రం మెమో ఇస్తామన్నారు, ఈ ఏడు ప్రమోషను సంగతి మర్చిపొమ్మన్నారు. సరే సార్ అన్నాను. చెన్నయ్య నోరు తెరవబోతే, "నువ్వింక మాట్లాడకు, వెళ్ళి పనిచూసుకో" అని కసిరారు.

బయటికి వచ్చాక ఆయన నాకంటే ముందు గబగబా నడిచి, గేటు దగ్గర ఆగి, గిర్రున వెనక్కి తిరిగాడు. ఇరవై నాలుగేళ్ళుగా గొంతెత్తని మనిషి అరిచాడు నా మీద.

"ఏం పని జేసినవ్ బిడ్డా నువ్వు? దిమాగున్నదా? నాదేముంది, యాడాదయితె ఇంట్ల కూసుండెటోన్ని. నీ ముంగట ఎంత నౌకరి ఉన్నది! ఇద్దరు పిల్లలాయె. నీకెందుకొచ్చిన లొల్లి గిది, ఆఁ? నేను జెప్తుంటె ఊకోరాదు? నోరు జర ఆపుకోరాదు?"

మేడం అనలేదు. మీరు అనలేదు. తిడుతున్నాడు, కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు. మా నాన్న పోయి తొమ్మిదేళ్ళయింది. నన్ను అలా తిట్టేవాళ్ళు లేక తొమ్మిదేళ్ళయింది. వాచ్‌మన్ చూస్తున్నాడని కూడా లేకుండా నేను బావురుమన్నాను.

ఆయన కంగారుపడిపోయాడు. "ఊకో, ఊకో" అన్నాడు. భుజం మీది తువ్వాలు తీసి ఇవ్వబోయి, మాసి ఉందని మళ్ళీ వేసుకున్నాడు. అప్పుడే పన్నెండున్నర సైరన్ మోగింది.

"తిన్నవా?" అని అడిగాడు.

లేదని తల ఊపాను.

"నడువ్ మరి మా ఇంటికి. ఆమె ఎదురుసూస్తది" అన్నాడు.